ఆటోనగర్ ఇనప పొట్టుతో ఎక్స్‌రే గది గోడ కట్టొచ్చా?

సూర్యారావుపేట_బావమరిది
మా బావ విజయవాడ సూర్యారావుపేటలో అద్దె బిల్డింగులో డయాగ్నొస్టిక్ సెంటర్ పెడుతున్నాడు, పని అంతా చూసుకునేది నేను. ఎక్స్‌రే గదికి సీసం రేకులు కొట్టడానికి కొటేషన్ తెప్పిస్తే, అది చూసి బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ రేటేదో నేనే పెట్టినట్టు. ఈలోగా ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షెడ్డాయన ఇంకో దారి చెప్పాడు. "మా దగ్గర టర్నింగ్ పొట్టు, అదే లేత్ మీద ఇనుము చెక్కితే రాలేది, గుట్టలుగా పడి ఉంది, కాంక్రీటులో కలిపి గోడ పోయించెయ్, ఇనుము దాటి ఏ కిరణం పోతుంది" అన్నాడు. వినడానికి బాగుంది. ఎవరైనా చేశారా, లేక ఇది కూడా ఆటోనగర్ టీ కొట్టు సైన్సేనా?

కృష్ణలంక_కుర్రాడు
గోడలో ఇనుముంటే ఫ్రిజ్ మ్యాగ్నెట్లు అంటించుకోవచ్చు, అదొక్కటి మాత్రం గ్యారంటీ.

ఎక్స్‌రే_అక్క_గుంటూరు
పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ముందు రూల్ చెబుతాను. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) కోడ్ ప్రకారం కిరణం నేరుగా తగిలే గోడ, అంటే ఛాతీ ఎక్స్‌రేకి పేషెంట్‌ని నిలబెట్టే చెస్ట్ స్టాండ్ వెనక గోడ, 35 సెం.మీ. ఇటుక లేదా దానికి సమానమైనది ఉండాలి. చెదిరిన కిరణాలు మాత్రమే తగిలే మిగతా గోడలకు 23 సెం.మీ. చాలు. తలుపుకి, కిటికీకి 1.7 మి.మీ. సీసం. మేస్త్రి భాషలో చెప్పాలంటే పద్నాలుగంగుళాల గోడ ఒకటి, తొమ్మిదంగుళాల గోడలు మూడు. మన తాతల కాలం ఇళ్ళలో ఈ గోడలే ఉండేవి. చాలామందికి గోడకి సీసం అసలు అక్కర్లేదు తమ్ముడూ, తలుపుకే కావాలి. మీ గోడలు ఎంత మందం?

సూర్యారావుపేట_బావమరిది
నాలుగున్నర అక్కా. అన్నీ పార్టిషన్ గోడలే, ఒక్క బయటి గోడ మాత్రం తొమ్మిది. అందుకే సీసం అన్నారు.

ఆటోనగర్_కాటా
ఆ టీ కొట్టు సైంటిస్టుని నేను కాదు గానీ నాదీ ఆటోనగరే, తుక్కు వ్యాపారం, మా నాన్న మొదలుపెట్టాడు. అక్క చెప్పిన "సమానమైనది" అన్న మాట పట్టుకోండి. ఇటుక కన్నా ఇనుము నాలుగు రెట్లు పైగా బరువు. మరి ఇనుము కలిపిన గోడ సన్నగా ఉన్నా సమానమే కదా? రోజుకి ఎన్ని షెడ్ల నుంచి పొట్టు వస్తుందో మీకు తెలీదు. పట్టుకెళ్ళి కరిగించేవాడికి కూడా పొట్టంటే చిన్నచూపే, నూనె, తుప్పు, తరుగు అని కోత పెడతాడు. అదే గోడలోకి పోతే రెండు వైపులా లాభం.

రిటైర్డ్_సివిల్
కాటా గారూ, సగం కరెక్టు. బరువు కాంక్రీటు కొత్త సంగతేమీ కాదు. మామూలు కాంక్రీటు క్యూబిక్ మీటరుకి 2.35 నుంచి 2.4 టన్నులు. కంకర బదులు ముగ్గురాయి (బెరైటీస్) వేస్తే 3.3 నుంచి 3.6 దాకా వస్తుంది, మాగ్నటైట్ ఇనుపరాయి వేస్తే ఇంకొంచెం పైకి, ఉక్కు ముక్కలు వేస్తే 5 కూడా దాటించొచ్చు. అణు కేంద్రాల్లో, కేన్సర్ ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా పోస్తున్నారు. ఇక్కడ గొడవ ఇనుముతో కాదు, మీ పొట్టుతో. చుట్టలు చుట్టుకుని స్ప్రింగుల్లా ఉంటుంది, దాని మధ్యకి సిమెంటు పాలు పోవు, గాలి మిగులుతుంది. కాటా మీద ఇనుము బరువు కనపడుతుంది, గోడలో గుల్ల కనపడదు. దానికి తోడు కటింగ్ ఆయిల్. నూనె పూసిన ముక్కకి సిమెంటు పట్టదు. వాషర్లు కొట్టగా మిగిలే గుండ్రటి బిళ్ళలు ఉంటాయి చూడండి, పంచింగులు, అవి అయితే నేను ఒప్పుకుంటాను. గులకరాయిలా సర్దుకుంటాయి.

బ్రాడీపేట_నాలుగోలైను
చిన్న డౌటు. ఎక్స్‌రే పడీ పడీ ఆ గోడే రేడియేషన్ కొట్టడం మొదలుపెట్టదా? మా పక్క సందులో ఎంఆర్‌ఐ సెంటర్ పెడుతుంటే కాలనీ వాళ్ళందరం సంతకాలు పెట్టి అడ్డుకున్నాం.

ఎక్స్‌రే_అక్క_గుంటూరు
ఎంఆర్‌ఐలో అయస్కాంతం, రేడియో తరంగాలు తప్ప ఎక్స్‌రే లేదు బాబూ. మీరు సంతకాలు పెట్టింది అయస్కాంతానికి వ్యతిరేకంగా. 😀 ఎక్స్‌రే మెషిన్ కూడా బటన్ నొక్కినంతసేపే. వదిలితే ట్యూబులైటు ఆర్పినట్టే, గోడలో ఏమీ నిలవ ఉండదు.

బ్రాడీపేట_నాలుగోలైను
ఇప్పుడా సంతకాల కాగితం నా దగ్గరే ఉంది, ఎవరికీ చెప్పకండి.

కెమిస్ట్రీ_మాస్టారు
అందరూ బరువు బరువు అంటున్నారు, ఒక ముఖ్యమైన తేడా వదిలేశారు. ఎక్స్‌రే గదిలో మెషిన్ మామూలుగా 125, మహా అయితే 150 కేవీ (కిలోవోల్టులు) దాటదు, చాలా పనులు 60, 80, 100 కేవీ దగ్గరే అయిపోతాయి. అంత తక్కువ శక్తిలో కిరణాన్ని ఎక్కువగా మింగేది పరమాణు సంఖ్య, దాదాపు దాని ఘనం లెక్కన పెరుగుతుంది. సీసం 82, బేరియం 56, ఇనుము 26, సిలికాన్ 14. అందుకే ఇక్కడ ఇనుము కన్నా ముగ్గురాయి చాలా మెరుగు, ఎందుకంటే ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటే. కేన్సర్ వైద్యానికి వాడే లీనియర్ యాక్సిలరేటర్ దగ్గర కథ మారుతుంది. అది 6 ఎంవీ (మెగావోల్టులు, అంటే 6000 కేవీ) లేదా ఆ పైన, అక్కడ పరమాణు సంఖ్యతో పెద్ద పని లేదు, కిలోకి కిలో ఏ పదార్థమైనా ఇంచుమించు ఒకేలా ఆపుతుంది, సాంద్రత ఒక్కటే లెక్క. కాబట్టి కాటా గారి ఇనుముకి అసలు చోటు కేన్సర్ ఆసుపత్రి బంకరు, అంటే ఆ మెషిన్ పెట్టే మందపాటి గోడల గది. బావమరిది గారి గది కాదు.

ఆటోనగర్_కాటా
మాస్టారూ, మంగంపేట ముగ్గురాయి లారీ వేసుకుని రప్పించే బదులు పక్క సందులో ఉన్న ఇనుము మందం కాస్త పెంచి వాడుకుంటే పోయేదేముంది?

రిటైర్డ్_సివిల్
పోయేదేమీ లేదు, ఆ మాట మాత్రం నిజమే. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి, దాంట్లో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలోకే పోతుంది. మన రాష్ట్రంలోనే ఉంది కదా అని రవాణా ఊరికే రాదు.

బంకరు విషయంలో మాస్టారు చెప్పింది రూపాయల్లో చూడండి. ఒక గోడ మామూలు కాంక్రీటులో 2 మీటర్లు రావాలి అనుకుందాం. 3.5 సాంద్రత కాంక్రీటు పోస్తే 2.35 పెట్టి 3.5తో భాగించిన లెక్కన 1.35 మీటర్ల దగ్గర ఆగిపోవచ్చు. ఒక్క గోడకే 65 సెం.మీ. మిగిలింది. ఊరి నడిబొడ్డున స్థలం రేటు తెలిసినవాడికి ఆ 65 సెం.మీ. విలువ చెప్పక్కర్లేదు. తుక్కు వాడకానికి అర్థం అక్కడ ఉంది.

సీతానగరం_సింధు
10 ఎంవీ దాటితే న్యూట్రాన్లు కూడా పుడతాయి, వాటికి ఇనుము ఒక్కటే సరిపోదు. కాంక్రీటులో మిగిలి ఉండే నీరు, అంటే అందులోని హైడ్రోజన్, వాటిని నెమ్మదింపజేస్తుంది. లోహం ఎక్కువై సిమెంటు ముద్ద తగ్గితే ఒకదాన్ని ఆపబోయి ఇంకోదాన్ని వదిలేసినట్టు. ఎంటెక్‌లో దీని మీదే తల పగలగొట్టుకున్నాను, అందుకే ఆగలేకపోయాను.

గుంటూరు_ఘాటు
ఇనుము వద్దంటే సీసమే పెట్టండి, తుక్కులోనే. పాత బ్యాటరీలు కరిగించాక మిగిలే చిట్టెంలో సీసం ఇంకా ఉంటుంది. మా వైపు ఒకడు ఊరికే ఇస్తానన్నాడు, తీసుకెళ్ళేవాడు దొరికితే చాలంటున్నాడు.

కెమిస్ట్రీ_మాస్టారు
ఘాటు గారూ, ఊరికే ఎందుకు ఇస్తున్నాడో ఆలోచించారా? అది ప్రమాదకర వ్యర్థం, వదిలించుకోవడానికి వాడు డబ్బు పెట్టాలి. మీరు తీసుకుంటే ఆ ఖర్చు మీ గోడలోకి వచ్చినట్టు. సీసం ఉప్పులు సిమెంటు గట్టిపడడాన్ని ఆలస్యం చేస్తాయి, ఇది ఒకటి. రెండోది, రేపు ఏసీ పైపు కోసం ఆ గోడకి డ్రిల్లు పెడితే వచ్చే ధూళి పీల్చేదెవరు? మూడేళ్ళ తర్వాత అద్దె ఖాళీ చేసి గోడ పగలగొడితే ఆ రాళ్ళు ఏ కాలవ గట్టు మీద పోస్తారు? సీసం రేకు అయితే విప్పుకుని మళ్ళీ అమ్ముకోవచ్చు. చిట్టెం గోడ అలా కాదు.

గుంటూరు_ఘాటు
సరే సరే. నేను తెమ్మనలేదు, ఉందన్నాను అంతే.

పటమట_ప్లంబర్
అల్యూమినియం పొట్టు అయితే? తేలిగ్గా కలుస్తుంది, తుప్పు పట్టదు.

రిటైర్డ్_సివిల్
అయ్యయ్యో. 1990ల్లో మా సైటులో ఒక సబ్ కాంట్రాక్టరు సరిగ్గా ఇదే చేశాడు, మిషన్ పునాదికి ఇనప పొట్టు అని తెచ్చిన దాంట్లో సగం అల్యూమినియం. సాయంత్రం పోసి వెళ్ళాం, పొద్దున చూస్తే కాంక్రీటు సెంట్రింగ్ పైకి పొంగి ఇడ్లీలా ఉబ్బి ఉంది. సిమెంటులో క్షారం, దానికి అల్యూమినియం తగిలితే హైడ్రోజన్ బుడగలు. ఏఏసీ తేలిక ఇటుకలు పొంగించేది కూడా అల్యూమినియం పొడితోనే. బరువు గోడ కావాలని మొదలుపెట్టి తేలిక గోడతో తేలతారు. మా మేస్త్రి ఆ దిమ్మ చుట్టూ తిరిగి "సారూ, ఇది ఉడికిపోయింది" అన్నాడు, ఇప్పటికీ గుర్తే.

కృష్ణలంక_కుర్రాడు
బెజవాడ ఎండకి ఉడకడానికి అల్యూమినియం కావాలా సార్.

వైజాగ్_నుంచి_వచ్చా
ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్ సంగతి ఎవరూ ఎత్తలేదే. అది కూడా లోహ వ్యర్థమే కదా, టన్నుల్లో వస్తుంది.

రిటైర్డ్_సివిల్
స్లాగ్ అంటే ఒక్కటి కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చేది నీళ్ళు కొట్టి ఇసకలా చేసి స్లాగ్ సిమెంటులోకి పంపుతారు, దాంట్లో ఇనుము చాలా తక్కువ, బరువు కోసం అది పనికిరాదు. ఉక్కు తయారయ్యే దగ్గర వచ్చే స్టీల్ స్లాగ్ బరువైనది, కానీ అందులో కలవని సున్నం ఉంటుంది, తడి తగిలినప్పుడల్లా ఉబ్బుతుంది. నెలల తరబడి బయట పోసి వానకి తడిపి ఆరబెడితే కానీ నమ్మలేం. అందుకే కంకర, ఇసకల మీద ఉన్న 2016 ఐఎస్ 383 కోడ్ ఊచలు లేని మామూలు కాంక్రీటులో కంకర బదులు కొంత శాతం ఒప్పుకుంది కానీ ఊచలు వేసే కాంక్రీటులో స్టీల్ స్లాగ్ వద్దంది. రాగి కరిగించాక వచ్చే కాపర్ స్లాగ్ నాకు ఇష్టం, నల్లగా గాజు ఇసకలా ఉంటుంది, ఇసక కన్నా బరువు, ఊచల కాంక్రీటులో కూడా ఇసక బదులు కొంతవరకు ఒప్పుకున్నారు.

సీతానగరం_సింధు
బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్ర బురద కూడా ఉంది, దాంట్లో ఐరన్ ఆక్సైడ్ ఎక్కువ. భోపాల్‌లో సీఎస్‌ఐఆర్ వాళ్ళ ఆంప్రి ల్యాబ్ ఆ బురదకి బేరియం పదార్థం కలిపి సీసం లేని ఎక్స్‌రే టైల్స్ తయారుచేసింది. గమనించండి, అక్కడ కూడా ఇనుము ఒక్కదాన్నే నమ్ముకోలేదు, మాస్టారు చెప్పినట్టు బేరియం కలిపారు.

మంగళగిరి_మాధవి
మీరంతా తుక్కు కిరణాల్ని ఆపుతుందా అని మాట్లాడుకుంటున్నారు. నాకు భయం వేసేది తుక్కే కిరణాలు వదిలితే ఏంటని. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది మర్చిపోయారా? యూనివర్సిటీ ల్యాబులో పాత గామా యంత్రాన్ని వేలంలో తుక్కుగా అమ్మారు, లోపల రేడియేషన్ వదిలే కోబాల్ట్-60. విప్పిన చోట పనివాళ్ళకి ఒళ్ళు కాలింది, ఒకాయన చనిపోయాడు.

ఆటోనగర్_కాటా
మేడమ్, ఆ వార్త వచ్చినప్పుడు మా వీధిలో రెండు వారాలు ఎవరూ బరువైన డబ్బా ముట్టుకోలేదు. ఎవరో పాత సినిమా ప్రొజెక్టర్ తెస్తే కూడా దూరం నుంచి కర్రతో పొడిచి చూశారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వలేదు. లేత్ పొట్టుకి ఆ భయం లేదు, అది కొత్త స్టీలు రాడ్డు నుంచి నా కళ్ళ ముందే వస్తుంది. ఎక్కడిదో తెలీని పాత తుక్కు వేరు, దాన్ని గోడలో వెయ్యమని నేనూ చెప్పను.

సీతానగరం_సింధు
మాధవి గారి భయం ఊరికే కాదు. తైవాన్‌లో 1980ల్లో కోబాల్ట్-60 కలిసిన తుక్కు కరిగించి ఊచలు తీశారు, ఆ ఊచలతో కట్టిన అపార్టుమెంట్ల సంగతి 1992లో కానీ బయటపడలేదు. మెక్సికోలో హ్వారెజ్‌లో కూడా అలాంటిదే జరిగింది, 1984 జనవరిలో ఊచల లారీ దారి తప్పి అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబు గేటు దగ్గరికి వెళ్ళి అక్కడి డిటెక్టర్ మోగితే తెలిసింది. డ్రైవరు సరైన మలుపు తిరిగుంటే ఇంకెన్నాళ్ళకి తెలిసేదో.

సూర్యారావుపేట_బావమరిది
అన్నీ చదువుతున్నా. ఒక విషయం మొదట చెప్పడం మర్చిపోయా, మాది మొదటి అంతస్తు. కింద మెడికల్ షాపు.

రిటైర్డ్_సివిల్
బాబూ ఇది మొదటి లైనులో చెప్పాల్సిన మాట! ఇన్ని పోస్టులు రాయించావు.

లెక్క చూడు. 15 సెం.మీ. మందం, 3 మీటర్ల ఎత్తు, 3.6 సాంద్రతతో బరువు కాంక్రీటు గోడ పోస్తే ప్రతి మీటరు పొడవుకీ 1.6 టన్నులు. గదికి మూడు వైపులా పోస్తే 10 మీటర్లు దాటుతుంది, అంటే ఒక లోడు లారీ తెచ్చి స్లాబు మీద పార్క్ చేసినట్టు. కింద బీము లేని చోట పోస్తే ఇంకేముంది. నాలుగున్నర గోడని ఇంకో వరస ఇటుకతో తొమ్మిది చేసినా మీటరుకి 600 కిలోల పైనే అదనం. అదే 1.7 మి.మీ. సీసం రేకు చదరపు మీటరుకి 19 కిలోలు చిల్లర. పై అంతస్తులో సీసం ఎందుకు కొడతారో ఇప్పుడు అర్థమైందా? మీ కొటేషన్‌లో అద్దె బిల్డింగు స్లాబు ప్రాణం కూడా ఉంది.

ఎక్స్‌రే_అక్క_గుంటూరు
సార్ చెప్పాక ఇక నేను డ్రాయింగ్ మీదే మాట్లాడతా. తమ్ముడూ, చెస్ట్ స్టాండ్ ఏ గోడకి పెట్టారు?

సూర్యారావుపేట_బావమరిది
వెయిటింగ్ హాలు వైపు గోడకి.

ఎక్స్‌రే_అక్క_గుంటూరు
అదిగో. నేరు కిరణం వెళ్ళి కూర్చున్న పేషెంట్ల వీపు మీద పడే చోట పెట్టి, ఆ గోడని కాపాడడానికి సీసం కొటేషన్ తెప్పించారు. స్టాండుని తొమ్మిదంగుళాల బయటి గోడకి తిప్పండి, దాని కింద బీము ఎలాగూ ఉంటుంది, ఆ కొంచెం మేర ఇంకో వరస ఇటుక కట్టుకోవచ్చు. అప్పుడు మిగతా గోడలకి చెదిరిన కిరణాలే, సీసం చాలా తగ్గుతుంది. నేను చూసిన సెంటర్లలో లీకు ఎప్పుడూ గోడ మధ్య నుంచి రాలేదు. తలుపు కింద సందు, తలుపుకీ చట్రానికీ మధ్య సీసం ఒకదాని మీద ఒకటి ఎక్కకపోవడం, స్విచ్‌బోర్డు కోసం చెక్కిన గుంట, ఏసీ పైపు కన్నం, అన్నీ ఇవే. ఒక చోట గోడలకి అద్భుతంగా సీసం కొట్టి, మేకులు దిగిన చోట్లు ఒదిలేశారు. ఇంకో మాట, కింద మెడికల్ షాపు అన్నారు, టేబుల్ మీద తీసే ఎక్స్‌రేలు దాదాపు అన్నీ కిందికే కొడతాయి. స్లాబు మందం కనుక్కోండి. ఏదైనా సరే, చివర్లో రేడియేషన్ కొలిచే సర్వే మీటరు పెట్టి చూశాకే, ఏఈఆర్‌బీ వాళ్ళ ఆన్‌లైన్ లైసెన్సు సైటు ఈ-లోరాలో కాగితాలు అయ్యాకే బటన్ నొక్కేది.

ఆటోనగర్_కాటా
మరి నా పొట్టు?

రిటైర్డ్_సివిల్
మీరు నిజంగా చూడాలనుకుంటే 15 సెం.మీ. క్యూబు ఒకటి పోయండి. మామూలు కాంక్రీటు క్యూబు 8 కిలోలు తూగుతుంది. మీది 12 దాటితే మాట్లాడదాం. పొట్టుని ముందు బట్టల సోడా కలిపిన నీళ్ళలో కడగండి.

*(తొమ్మిది రోజుల తర్వాత)*

ఆటోనగర్_కాటా
పోశాను సార్. రెండు క్యూబులు. మొదటిది కడిగిన పొట్టుతో, 9.7 కిలోలు. కటింగ్ మిషన్ మీద అడ్డంగా కోసి చూస్తే మీరు చెప్పినట్టే మధ్యలో గుల్లలు, తేనెపట్టులా. రెండోది వాషర్ పంచింగులు కొంత, కంకర కొంత. 12.6 కిలోలు! కోస్తే మాత్రం బిళ్ళలన్నీ అడుగున, పైన రెండంగుళాలు ఒట్టి సిమెంటు.

రిటైర్డ్_సివిల్
నీళ్ళు ఎక్కువ పోసి, వైబ్రేటర్ ఎక్కువసేపు పెట్టారు. గోడ అయితే పై భాగం పేరుకే గోడ. నీళ్ళు తగ్గించి గట్టిగా కలిపి, పొరలు పొరలుగా పోయండి, వైబ్రేటర్ ఒక్కో చోట కొన్ని సెకన్లే. మిక్సర్‌లో ఎప్పుడూ వేసేదాంట్లో మూడింట రెండొంతులే వేయండి, లేకపోతే మోటారు ఏడుస్తుంది. 12.6 అంటే 3.7 సాంద్రత, తక్కువేం కాదు. లిఫ్టు కౌంటర్ వెయిట్లు చేసేవాళ్ళకి చూపించండి, వాళ్ళకి కిరణాలతో పని లేదు, బరువు చాలు.

సూర్యారావుపేట_బావమరిది
స్టాండు తిప్పేశాం. కొత్త కొటేషన్ సగానికి దగ్గరగా వచ్చింది, బావ మాట్లాడుతున్నాడు. స్లాబు ఐదంగుళాలట, దాని సంగతి చూడ్డానికి రేపు ఇంజనీరు వస్తున్నాడు. కాటా అన్నా, మూడో క్యూబు పోస్తే ఫొటో పెట్టు.

ఆటోనగర్_కాటా
పోస్తా. రెండోదాంట్లో సగం ముక్క మా అమ్మాయి పట్టుకుపోయింది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుందట. బాగా ఆగుతోందంటుంది.